సంబంధం వెతికే చోట వల: ఆన్‌లైన్ ప్రేమ మోసాలకు ఆరాయే విరుగుడు

అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసి సంబంధం కలుపుకోవాలని తెలుగు ఇళ్లలో ఒక మాట ఉంది. ఏడు తరాల దాకా ఎవరూ వెళ్లకపోయినా, అబ్బాయి పనిచేసే చోట ఒకరిని, ఉండే వీధిలో ఇంకొకరిని, వీలైతే ఇల్లు అద్దెకిచ్చిన యజమానిని కూడా కదిపి చూడకుండా తాంబూలాలు పుచ్చుకునేవారు కాదు. ఆ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. అమ్మాయి ఇష్టం అడగకుండానే ముగిసిపోయిన ఆరాలు ఎన్నో ఉన్నాయి. అయితే సంబంధం తెచ్చిన మధ్యవర్తి మర్నాడు కూడా అదే ఊళ్లో తిరగాల్సినవాడు కనుక పచ్చి అబద్ధం చెప్పడానికి జంకేవాడు. మ్యాట్రిమొనీ వెబ్‌సైట్లు ఆ మధ్యవర్తి స్థానాన్ని తీసుకున్నాయి గానీ అతని పూచీని నెత్తికెత్తుకోలేదు. గోత్రం, నక్షత్రం, ఇంటిపేరు, చదువు, జీతం అన్నీ గళ్లలో పొందికగా కనిపించేసరికి ఆరా అంతా ఎవరో ముందే తీసి పెట్టారన్న భ్రమ కలుగుతుంది. ఆ గళ్లు నింపింది మాత్రం అవతలి మనిషే. పెళ్లి పేరుతో, ప్రేమ పేరుతో ఆన్‌లైన్‌లో సాగే మోసాలు ఈ ఖాళీలోనే పుట్టి పెరుగుతున్నాయి.

ఈ మోసాల విస్తృతి ఎంతో తెలియడానికి అమెరికా లెక్క ఒకటి చాలు. 2022లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ప్రేమ పేరుతో మోసపోయామని దాదాపు 70,000 మంది ఫిర్యాదు చేయగా, వారు చెప్పిన నష్టం మొత్తం 130 కోట్ల డాలర్లు. ఇది బయటికి వచ్చి చెప్పుకున్నవారి లెక్క మాత్రమే. పెళ్లి, పరువు, చుట్టాల మాటలు ఇంతగా పెనవేసుకున్న మన సమాజంలో చెప్పుకోనివారే ఎక్కువమంది ఉంటారని అనుకోవడంలో తప్పులేదు. మోసపోయినవారి గురించి వార్త వచ్చినప్పుడల్లా “ఇంత చదువుకుని ఎలా నమ్మారు” అన్న ప్రశ్న వినిపిస్తుంది. చదువుకు, ఈ మోసానికి పెద్దగా సంబంధం లేదు. బ్యాంకు ఉద్యోగులు, వైద్యులు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, రిటైరైన అధికారులు కూడా ఇందులో పడుతున్నారు. మోసగాడు ఎంచుకునేది తెలివి తక్కువవారిని కాదు. ఒంటరిగా ఉన్నవారిని, చేతిలో కొంత సొమ్ము ఉన్నవారిని, ఇంట్లో అన్నీ చెప్పుకునే వీలు లేనివారిని. ద్వితీయ వివాహం కోసం ప్రొఫైల్ పెట్టుకున్న వితంతువులకు, విడాకులు తీసుకున్నవారికి ఈ వలలు ఎక్కువగా తగలడానికి కారణం ఇదే. మొదటి పెళ్లికి ఇంటిల్లిపాదీ వెంట నిలుస్తారు గానీ, రెండో పెళ్లి విషయంలో ఆ మనిషి తన వెతుకులాటను చాలావరకు తానొక్కరే చేసుకోవలసి వస్తుంది.

మోసం ఎలా అల్లుతారో చూడటానికి ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. విజయవాడలో ఉంటున్న నలభై ఏళ్ల అధ్యాపకురాలు, భర్త పోయి ఆరేళ్లయిన మనిషి, మ్యాట్రిమొనీ వెబ్‌సైట్‌లో వివరాలు పెట్టారు. వారం తిరగకుండానే లండన్‌లో ఎముకల వైద్యుడినంటూ ఒకరు పలకరించారు. మూలాలు గుంటూరు జిల్లావే అయినా చిన్నప్పుడే తల్లిదండ్రులతో వెళ్లిపోవడం వల్ల తెలుగు సరిగా రాదన్నారు. భాష రాకపోవడానికి ముందే కారణం సిద్ధం చేసి పెట్టుకోవడం ఇందులోని మొదటి జాగ్రత్త. రెండో రోజుకే సంభాషణ వాట్సాప్‌కు మారింది. వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ మూతపడుతుంది. వాట్సాప్‌లో ఆ ఇబ్బంది లేదు. ఆపై మూడు వారాల పాటు డబ్బు ప్రస్తావనే రాలేదు. పొద్దున లేవగానే శుభోదయం, మధ్యాహ్నం భోజనం అయిందా అన్న పలకరింపు, రాత్రి పిల్లవాడి చదువు గురించి శ్రద్ధగా రెండు మాటలు. ఆరేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్నలు ఎవరో రోజూ అడుగుతుంటే, ఆ అలవాటు ఎంత త్వరగా మనసులో పాతుకుపోతుందో అనుభవించనివారు తేలిగ్గా తీసిపారేస్తారు. ఆమెతో మాట్లాడుతున్నది ఒకరు కాకపోవచ్చు. ఒకే ప్రొఫైల్‌ను ముగ్గురు నలుగురు వంతులవారీగా నడుపుతూ, బాధితురాలు చెప్పిన ప్రతి వివరాన్నీ రాసి పెట్టుకోవడం ఈ ముఠాల్లో మామూలే. తన తల్లి తిథి ఫలానా రోజని అతను గుర్తుపెట్టుకున్నాడని ఆమె పొంగిపోయింది. ఆ గుర్తు ఉన్నది మనసులో కాదు, ముఠా రాసుకున్న కాగితంలో.

నాలుగో వారంలో కథ మలుపు తిరుగుతుంది. ఆమెకు నగలు, ఫోను, కొన్ని పౌండ్లు పెట్టి పార్సిల్ పంపానంటూ ఒక రసీదు ఫొటో వస్తుంది. రెండు రోజుల తర్వాత ఢిల్లీ విమానాశ్రయం కస్టమ్స్ నుంచి అంటూ ఒక మహిళ హిందీలోనో ఇంగ్లిష్‌లోనో గట్టిగా మాట్లాడుతుంది. సుంకం 35,000 కట్టాలంటుంది. కట్టాక, స్కానింగులో విదేశీ కరెన్సీ కనిపించింది కనుక మనీ లాండరింగ్ కేసు కాకుండా మరో లక్షన్నర కట్టాలంటుంది. ఇదే కథకు ఇంకో రూపంలో అతనే భారతదేశానికి బయలుదేరతాడు. పెద్ద మొత్తం చెక్కుతోనో నగదుతోనో విమానాశ్రయంలో పట్టుబడ్డాడని, విడిపించాలంటే వెంటనే డబ్బు కావాలని ఫోను వస్తుంది.

ఈ రెండు కథలూ నియమాలు తెలిసినవారి ముందు నిలబడవు. విదేశం నుంచి వచ్చే పార్సిల్‌పై సుంకం పడితే దాన్ని తపాలా శాఖ ద్వారానో కొరియర్ సంస్థ ద్వారానో లెక్క ప్రకారం, రసీదుతో వసూలు చేస్తారు. ఏ కస్టమ్స్ అధికారీ ఫోను చేసి ఎవరి సేవింగ్స్ ఖాతాలోనో వేయమని అడగడు. కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు 2019 నవంబరు నుంచి తన అధికారిక పత్రాలపై డిన్ అనే గుర్తింపు సంఖ్య వేయడం మొదలుపెట్టింది. అది నిజమో కాదో బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. విదేశీ కరెన్సీ విషయం ఇంకా తేటతెల్లం. భారతదేశంలోకి ఎంత విదేశీ ద్రవ్యమైనా తీసుకురావచ్చు. నోట్ల రూపంలో 5,000 డాలర్లు, లేదా అన్నీ కలిపి 10,000 డాలర్ల విలువ దాటితే విమానాశ్రయంలో ప్రకటించాలి, అంతే. ప్రకటించనందుకు ప్రయాణికుడిపై చర్య ఉండవచ్చు గానీ, ఫోనులో పరిచయమైన ఆమెతో యూపీఐ చేయించుకుని అతన్ని వదిలిపెట్టే ఏర్పాటు ఏ చట్టంలోనూ లేదు.

పార్సిల్ కథ పాతబడిందని తెలిసి ముఠాలు ఇప్పుడు పెట్టుబడి దారి పట్టాయి. ఇందులో ప్రేమికుడు డబ్బు అడగడు, డబ్బు సంపాదించడం నేర్పుతానంటాడు. మామయ్య సింగపూర్‌లో విశ్లేషకుడనీ, క్రిప్టోలో, అంటే ఇంటర్నెట్‌లో కొని అమ్మే డిజిటల్ కరెన్సీలో, ఏ నిమిషానికి కొని ఏ నిమిషానికి అమ్మాలో తనకు ముందే తెలుస్తుందనీ చెప్పి ఒక యాప్ లింకు పంపుతాడు. 10,000 పెడితే వారంలో 12,000 అయినట్టు యాప్ చూపిస్తుంది. అంతేకాదు, ఆ 12,000 వెనక్కి తీసుకోనిస్తుంది కూడా. ఈ మోసంలో అత్యంత ప్రమాదకరమైన ఘట్టం ఇదే, ఎందుకంటే డబ్బు ఖాతాలోకి తిరిగి వచ్చిన తర్వాత అనుమానించడానికి మనసు ఒప్పుకోదు. ఆ తర్వాత ఎఫ్‌డీలు విరగ్గొట్టి, బంగారం తాకట్టు పెట్టి, వ్యక్తిగత రుణాలు తీసుకుని లక్షలు పోస్తారు. యాప్‌లో కోట్లు కనిపిస్తాయి. తీసుకోబోతే 20 శాతం పన్ను ముందుగా కట్టమంటుంది. భారతదేశంలో క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే గానీ, అది పన్ను చెల్లింపుదారు ప్రభుత్వానికి కట్టేది; 2022 జులై నుంచి అమ్మకాలపై 1 శాతం టీడీఎస్‌ను వచ్చే సొమ్ములోంచే మినహాయిస్తారు. సొంత డబ్బు తీసుకోవడానికి కొత్తగా డబ్బు కట్టమన్న క్షణంలోనే, అందులో డబ్బేమీ లేదని అర్థం చేసుకోవాలి. 2023 మార్చి నుంచి క్రిప్టో సంస్థలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి, కేంద్రం ఆధ్వర్యంలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. లింకు ద్వారా వచ్చిన యాప్‌కు అలాంటి నమోదు ఉండదు.

పందిని బాగా మేపి కోయడమన్న అర్థం వచ్చే పేరుతో చైనా ముఠాలు ఈ పద్ధతిని పిలుచుకున్నాయి. బాధితులను పశువులతో పోల్చే ఆ మాట వాడితే వారు ఫిర్యాదుకే ముందుకు రారని 2024 డిసెంబరులో ఇంటర్‌పోల్ అభ్యంతరం చెప్పింది. అది సరైన మాటే. అవతలివైపు కూర్చున్నవారి గురించి కూడా తెలుగువారు తెలుసుకోవలసింది ఉంది. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు 1,00,000 మందిని బలవంతంగా ఈ మోసాల పనిలో పెట్టి ఉండవచ్చని 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నివేదించింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఉత్తరాంధ్ర యువకులను కంబోడియా ముఠాలకు అప్పగించిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. పాస్‌పోర్టులు లాగేసుకుని, లక్ష్యం చేరకపోతే తిండి మాన్పించి, కొట్టి పని చేయించారని తిరిగి వచ్చిన కుర్రాళ్లు చెప్పారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు శిబిరాల నుంచి వైమానిక దళ విమానాల్లో 500 మందికి పైగా భారతీయులు స్వదేశానికి చేరారు, వారిలోనూ తెలుగువారున్నారు. అంటే అందమైన అమ్మాయి ఫొటో పెట్టుకుని హైదరాబాదులోని ఉద్యోగికి శుభోదయం పంపుతున్నది శ్రీకాకుళం నుంచి వెళ్లి ఇరుక్కున్న నిరుద్యోగి కావడం అసంభవమేమీ కాదు. అందుకే వచ్చీరాని తెలుగు రాసేవారే మోసగాళ్లని, చక్కని తెలుగు మాట్లాడితే మనవాళ్లేనని అనుకునే రోజులు పోయాయి.

మరి ఎలా గుర్తుపట్టాలి? ఫొటో మరీ అందంగా ఉందా, మాటల్లో తప్పులున్నాయా వంటి గుర్తులను పట్టుకుని కూర్చోవడం వల్ల ఇప్పుడు పెద్దగా ప్రయోజనం లేదు. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే దొంగిలించిన బొమ్మ అయితే బయటపడుతుంది. కృత్రిమ మేధతో తయారైనదైతే ఎక్కడా దొరకదు, దొరకనందువల్ల అసలైనదని పొరబడే ప్రమాదం కూడా ఉంది. వాట్సాప్ నంబరు ముందు 44 ఉన్నంత మాత్రాన మనిషి బ్రిటన్‌లో ఉన్నట్టు కాదు, అలాంటి నంబర్లు ఇంటర్నెట్‌లో ఎక్కడినుంచైనా కొనుక్కోవచ్చు. వీడియో కాల్‌లో ముఖం చూస్తే చాలన్న సలహా కూడా బలహీనపడింది: డీప్‌ఫేక్ ముఖాలతో, అంటే కృత్రిమ మేధతో సృష్టించిన నకిలీ ముఖాలతో, వీడియో కాల్స్ చేసి సుమారు 4.6 కోట్ల డాలర్లు కాజేసిన ముఠాలో 27 మందిని 2024 అక్టోబరులో హాంకాంగ్ పోలీసులు పట్టుకున్నారు. నమ్మదగిన గుర్తు బొమ్మలో కాక, జరిగే వరుసలో ఉంటుంది. పరిచయం వేగంగా పెళ్లి మాటదాకా వస్తుంది, కలుసుకోవడం మాత్రం ప్రతిసారీ ఏదో కారణంతో వాయిదా పడుతుంది, ఆ వాయిదాకు డబ్బుతో ముడి పడుతుంది, ఈ సంగతి ప్రస్తుతానికి ఇంట్లో చెప్పవద్దన్న మాట ఎక్కడో ఒకచోట వస్తుంది. ఈ నాలుగూ ఒక పరిచయంలో కలిసి కనిపించాయంటే మనిషి ఎంత మంచిగా మాట్లాడినా ఆగిపోవాలి. నాలుగింటిలో చివరిదే అన్నిటికన్నా స్పష్టమైనది. నిజంగా సంబంధం కోరుకునేవాడికి అమ్మాయి అన్నయ్యతోనో, బాబాయితోనో, స్నేహితురాలితోనో ఒకసారి మాట్లాడటానికి భయం ఉండదు.

ఆరా తీయడానికి పూర్వం కంటే ఇప్పుడే వీలు ఎక్కువ, ఈ సంగతి చాలామందికి తెలియదు. బ్రిటన్‌లో వైద్యం చేసే ప్రతి డాక్టరు పేరు అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఉంటుంది, ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. అమెరికాలో వైద్యుల లైసెన్సులను ఆయా రాష్ట్రాల మెడికల్ బోర్డుల వెబ్‌సైట్లలో చూడవచ్చు. మన దేశంలోని వైద్యులకు నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టరు, ఐఏఎస్ అధికారులకు కేంద్ర సిబ్బంది శాఖ ప్రచురించే సివిల్ లిస్టు ఉన్నాయి. పేరు ఒకటి దొరికినంత మాత్రాన పని పూర్తికాదు, ఎందుకంటే అసలు డాక్టరు పేరునే దొంగ వాడుకుని ఉండవచ్చు. ఆ ఆసుపత్రి వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు, అంటే అతను ఇచ్చిన నంబరుకు కాకుండా, ఫోను చేసి అడగాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నానన్న మనిషి గురించి ఆ ఊళ్లోని తెలుగువారిని కనుక్కోవడం ఇంకా సులువు: ప్రతి పెద్ద నగరంలోనూ మనవారి సంఘాలు, గుళ్లు, వాట్సాప్ బృందాలు ఉన్నాయి, ఏ ఇంట్లోనైనా అక్కడ చదువుకుంటున్న పిల్లవాడొకడు ఉంటాడు. ఇలా అడిగితే అవతలివారు నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం మన దగ్గర ఎక్కువ. “నా మీద నమ్మకం లేదా” అన్న ఒక్క ప్రశ్నతో మోసగాడు సొమ్ము చేసుకునేది ఈ మొహమాటాన్నే. 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మ్యాట్రిమొనీ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు ఇచ్చి, గుర్తింపు పత్రాలు తీసుకోవాలని, ఫిర్యాదుల అధికారిని నియమించాలని చెప్పినా, ప్రొఫైల్ పక్కన కనిపించే ధ్రువీకరణ గుర్తు చాలా సందర్భాల్లో ఫోను నంబరు పనిచేస్తోందన్న దానికే సాక్ష్యం. దాన్ని మనిషికి ఇచ్చిన యోగ్యతాపత్రంగా చూడకూడదు.

నేరుగా కలిసినా మోసం జరగదన్న హామీ లేదు. ఐపీఎస్‌కు ఎంపికయ్యానని, పెద్ద ఆసుపత్రిలో సర్జన్‌నని చెప్పి, అద్దె కారులో ఇంటికి వచ్చి, అమ్మాయి చేత లోను తీయించి మాయమైనవారిని రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ ఎన్నోసార్లు అరెస్టు చేశారు. గుర్తింపు దాచి, పెళ్లి చేసుకుంటానని మోసపుచ్చి శారీరక సంబంధం పెట్టుకోవడం భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష పడదగిన నేరం. వీడియో కాల్‌లో నగ్నంగా కనిపించేలా ప్రేరేపించి, ఆ రికార్డింగును చూపించి బెదిరించేవారిది మరో పద్ధతి. అక్కడ ఒకసారి డబ్బు ఇస్తే రెండోసారి అడగడం ఖాయం కనుక, ఇవ్వకుండా ఖాతాను బ్లాక్ చేసి ఫిర్యాదు చేయడమే మేలు. అలాంటి చిత్రాలు పెద్ద సామాజిక మాధ్యమాల్లో వ్యాపించకుండా అడ్డుకోవడానికి స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. చిత్రాన్ని ఎవరికీ పంపనక్కర్లేకుండా, మన ఫోనులోనే దాని డిజిటల్ గుర్తును తయారుచేసి అది పనిచేస్తుంది.

డబ్బు పోయాక ఏం చేయాలన్నది ఎక్కువ శ్రద్ధతో తెలుసుకోవలసిన విషయం, ఎందుకంటే ఇక్కడ గంటలు లెక్కలోకి వస్తాయి. పంపిన సొమ్ము మొదట ఒక మ్యూల్ ఖాతాలోకి, అంటే కమీషన్ కోసం ఎవరో అద్దెకిచ్చిన బ్యాంకు ఖాతాలోకి వెళ్తుంది. అక్కడినుంచి పది ఖాతాలకు చీలి, ఏటీఎంలలో నగదుగానో క్రిప్టోగానో మారిపోతుంది. సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 నంబరుకు ఫోను చేస్తే, లేదా కేంద్ర హోం శాఖ జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేస్తే, ఆ సమాచారం బ్యాంకులకు చేరి దారిలో ఎక్కడ సొమ్ము మిగిలి ఉంటే అక్కడ నిలిపివేస్తారు. అలా నిలిపిన మొత్తాలను తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. బ్యాంకును మాత్రమే నమ్ముకుంటే సరిపోదు: అనధికార లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతను పరిమితం చేస్తూ 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నియమాలు, ఖాతాదారు తన చేత్తో తానే పంపిన డబ్బుకు సాధారణంగా వర్తించవు. చాటింగును తుడిచేయకుండా ఉంచడం కూడా అంతే ముఖ్యం. కోపంతోనో సిగ్గుతోనో మొత్తం చెరిపేసుకున్న బాధితులు, దర్యాప్తుకు పనికొచ్చే ఖాతా నంబర్లను, యూపీఐ ఐడీలను, లింకులను కూడా పోగొట్టుకుంటున్నారు. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయించే వీలు ఉంది కనుక, పరిధి మాది కాదని పంపేస్తే ఒప్పుకోనక్కర్లేదు.

పోయిన డబ్బు వెనక్కి తెస్తామంటూ కొన్నాళ్లకు ఇంకో ఫోను వస్తుంది. సైబర్ నిపుణులమనో, కోర్టు నుంచి అనో, చివరికి పోలీసులమనో చెప్పుకుని, ముందుగా కొంత ఫీజు అడుగుతారు. బాధితుల పేర్లు, పోయిన మొత్తాలు ముఠాల మధ్య చేతులు మారతాయి కాబట్టి వివరాలన్నీ సరిగ్గా చెప్పగలుగుతారు. ఒక్కరే మోసపోయి, ఒక్కరే దాచుకుని, ఒక్కరే తిప్పలు పడుతున్న మనిషి ఈ రెండో వలలో మొదటిదాని కంటే సులువుగా పడతారు. కనుక ఇంట్లో ఎవరైనా ఇలాంటి విషయం బయటపెట్టినప్పుడు “ఎంత పోయింది, ఎందుకు నమ్మావు” అన్న ప్రశ్నలు తర్వాత అడగవచ్చు. ముందు అడగవలసింది “చివరిసారి ఏ ఖాతాకు పంపావు, ఎన్ని గంటలకు పంపావు” అని. 1930కు ఫోను ఎత్తినవారు మొదట అడిగేదీ దాదాపు అదే.